హేస్టింగ్సు విచారణ: ఏడేండ్లకు వచ్చిన తీర్పు



ప్రజల సొమ్మునకు కావలిగా నుంచబడినవాడే ఆ సొమ్మును తినెనని వదంతి పుట్టినప్పుడు, విచారణ జరుగవలయునని దేశమంతయు కోరును. అది న్యాయమైన కోరికయే. కాని ఆ విచారణ ఎన్ని దినములు సాగును, దానికి కర్చెంత, ఆ కర్చు ఎవరి తలపై బడును, తుదకు నష్టపడినవానికి ఏమి దక్కును అను నాలుగు ప్రశ్నలు ఆ కోలాహలములో ఎవరికిని తోచవు. తోచునప్పటికి సొమ్ము కర్చయి యుండును, కాలము గడచి యుండును. ఈ ప్రశ్నలకు చరిత్ర యేమి బదులు చెప్పుచున్నదో, ఒక గొప్ప విచారణను ముఖ్యముగను, మరికొన్నింటిని దానికి తోడుగను తీసికొని మనవి చేసెదను.

ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో పలువురు తమ గ్రామములలో తగవులు తీర్చినవారే. చేని గట్టు తగవు వచ్చినప్పుడు మీరేమి చేయుదురు? ఇరువాదులను వెంటబెట్టుకొని గట్టు మీదికే పోవుదురు. పాత రాయి యెక్కడనున్నదో చూతురు. ఇరుగుపొరుగు రైతులను అడుగుదురు. పొద్దు వాలకమునుపే మాట తేల్చుదురు. ఆ తగవే పట్టణము చేరినచో తాత వేసిన దావాకు మనుమడు తీర్పు వినుట మనమెరుగనిది కాదు. గెలిచినవాడు ఓడినట్లు, ఓడినవాడు చచ్చినట్లు అను సామెత ఊరక పుట్టలేదు. భేదమంతయు ఎచ్చటనున్నది? గ్రామములో అడిగిన ప్రశ్న ఒక్కటే: గట్టు ఎవరిది? పట్టణములో ఆ ప్రశ్నకు ముప్పది పిల్లలు పుట్టును.

రాజోద్యోగులు ధనమపహరించుట క్రొత్త సంగతి కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున అట్టి అపహరణ మార్గములు నలువది యని లెక్కపెట్టెను. ఆయనయే వ్యవహార ప్రకరణమున, ప్రతివాది బదులు చెప్పుటకు మూడు రాత్రులు గాని ఏడు రాత్రులు గాని గడువీయవలయునని విధించెను. దోషములు నలువది, గడువు ఏడు రాత్రులు! న్యాయమునకు గడువు అవసరమని ప్రాచీనులు తెలిసికొనియే యుండిరి. ఇక మనము తీసికొనబోవు విచారణలో ఏడు రాత్రులు ఏడేండ్లయ్యెను.

వారన్ హేస్టింగ్సు 1732లో పుట్టినవాడు. 1750లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా వంగదేశమునకు వచ్చెను. 1769 మొదలు రెండేండ్లకు పైగా మన చెన్నపట్టణపు సెంటుజార్జి కోటలో కౌన్సిలునందు రెండవ స్థానమున నుండెను. 1772లో వంగదేశమునకు గవర్నరై, పిమ్మట గవర్నరు జనరలై, 1785 వరకు అధికారము చేసెను. మిక్కిలి తెలివిగలవాడు, పారశీక భాషను నేర్చినవాడు, సంస్కృత విద్యకు ప్రోత్సాహమిచ్చినవాడు. ఇవి యన్నియు నిజములే. ఆయన కాలమున జరిగిన అన్యాయములును నిజములే.

కాశీరాజగు చేతసింగు కట్టవలసిన కప్పము కట్టుచుండగనే, అదనపు సొమ్మును, సైన్యమును ఈయవలసినదని ఒత్తిడి చేసి, 1781లో హేస్టింగ్సు తానే కాశికి పోయి ఆయనను నిర్బంధించెను. తిరుగుబాటు చెలరేగెను, రాజు పారిపోయెను, రాజ్యము చేజారెను. అయోధ్య నవాబు తల్లియు, నాయనమ్మయు దాచుకొన్న ధనమును వారి కొలువుకాండ్రను బంధించి, పీడించి లాగికొనిరి. ఇవి గాక కానుకలని, కంట్రాక్టులని మరికొన్ని నేరములు మోపబడెను. 1781లోనే అయోధ్య నవాబు వలన హేస్టింగ్సు పది లక్షల రూపాయలు పుచ్చుకొని, ఆ సంగతి కంపెనీ డైరెక్టర్లకు తానే వ్రాసి, దానిని తనకే యుంచుకొన ననుజ్ఞ ఇండని కోరెను. పుచ్చుకొనుట, చెప్పుట, కోరుట ఈ మూడును ఒక్కచేతితో జరిగినవి గనుక, అది లంచమా, కానుకయా అని నిర్ణయించుట కష్టమయ్యెను.

అంతకుముందు 1775లో నందకుమారుడను బ్రాహ్మణ ఉద్యోగి, హేస్టింగ్సు మూడున్నర లక్షలకు పైగా లంచము తినెనని కలకత్తా కౌన్సిలు ఎదుట ఫిర్యాదు చేసెను. ఆ ఫిర్యాదు తేలకమునుపే ఆయన పై పాతదగు ఫోర్జరీ నేరము మోపబడి, అదే యేటి ఆగష్టు 5వ తేదీన ఆయన ఉరితీయబడెను. ఫిర్యాది పోయెను, ఫిర్యాదు నిలిచెను. అభియోగము మోపినవానికి రక్షణ లేనిచోట విచారణ ఎంత కాలము సాగినను సాక్షులు ముందునకు రారని ఈ కథ చెప్పుచున్నది.

హేస్టింగ్సు స్వదేశము చేరిన పిమ్మట ఎడ్మండు బర్కు అను మహావక్త పార్లమెంటులో ఆయనపై నేరముల పట్టిక పెట్టెను. 1786 జూనులో కాశీరాజు విషయమున 119 మంది నేరమున్నదనియు, 79 మంది లేదనియు కామన్సు సభలో ఓటిచ్చిరి. 1787లో మహాభియోగము నిశ్చయమయ్యెను. ఆ దేశపు రివాజున కామన్సు సభవారు వాదులై నిలువగా, ప్రభువుల సభవారు న్యాయాధిపతులై కూర్చుందురు. 1788 ఫిబ్రవరి 13వ తేదీన లండనులోని వెస్టుమినిస్టరు హాలులో ఆ విచారణ మొదలయ్యెను. సుమారు 170 మంది ప్రభువులు ఊరేగింపుగా వచ్చిరి. రాణియు, రాకుమార్తెలును చూడ వచ్చిరి. బర్కు నాలుగు దినములు ఉపన్యసించెను. ఆ వేసవిలో షెరిడను అను నాటకకర్త అయోధ్య బేగముల కథను వర్ణించునప్పుడు, ఒక టిక్కెట్టు 50 గినీలకు అమ్ముడుపోయెనని వ్రాసిరి. న్యాయసభ నాటకశాలయయ్యెను.

నాటకమునకు వచ్చిన జనము వ్యవసాయమునకు రారు గదా! మొదటి యేట 35 దినములు సభ కూడెను. రెండవ యేట రాజునకు జబ్బు చేయుటచే 17 దినములే కూడెను. అటుపిమ్మట ఫ్రాన్సు దేశమున విప్లవము పుట్టగా జనుల చూపు అటు మళ్ళెను. 1790లో పార్లమెంటు రద్దయి క్రొత్త ఎన్నికలు జరుగగా, పాత సభ తెచ్చిన అభియోగము క్రొత్త సభలో బ్రతికియున్నదా, చచ్చినదా అను మీమాంస బయలుదేరెను. బ్రతికియే యున్నదని తేల్చుటకును కొంత కాలము చెల్లెను. ముద్దాయి పక్షపు వాదము 1792లో గాని ఆరంభము కాలేదు. అనగా నేరము మోపబడినవాడు నాలుగేండ్లు తిట్లు వినిన పిమ్మట అతని ప్లీడర్లకు నోరు విప్పు తరుణము వచ్చెను. 1794లో బర్కు తన ముగింపు ఉపన్యాసమును తొమ్మిది దినములు చేసెను. 1795 ఏప్రిల్ 23వ తేదీన తీర్పు వచ్చెను. మొత్తము ఏడేండ్ల రెండు నెలలు. అందు సభ కూడిన దినములు సుమారు 145 మాత్రమే. తక్కినదంతయు వాయిదా.

ఇంత కాలమేల పట్టెను? కారణములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది నేరముల సంఖ్య. బర్కు పక్షమువారు 20 నేరములు మోపిరి. రోహిల్లాల యుద్ధము వంటి పెద్ద సంగతులను అంతకుముందే సభవారు త్రోసివేసిరి. మిగిలిన యిరువదిలో కాశి, బేగములు, కానుకలు, కంట్రాక్టులు అను నాలుగింటినే తుదకు నడపి, తక్కినవానిని 1791లో వదలుకొనిరి. మొదటనే ఆ నాలుగింటితో వచ్చియుండినచో సగము కాలము మిగిలియుండెడిది. వల పెద్దదైనకొలది లాగుట కష్టము. లాగినను చేపకంటె నాచే యెక్కువగా వచ్చును.

రెండవది క్రమము. ఒక నేరమునకు వాదము, ప్రతివాదము, తీర్పు ముగించి రెండవదానికి పోవుదమని బర్కు పక్షము కోరెను. ప్రభువులు ఒప్పుకొనలేదు. అన్ని నేరములకు వాదుల సాక్ష్యము ముగిసిన పిమ్మటనే ప్రతివాదము వినెదమనిరి. అందుచే ఏ ఒక్క నేరమును ఏడేండ్ల వరకు తేలలేదు.

మూడవది సాక్ష్యము. అడుగడుగునకు ఈ ప్రశ్న అడుగవచ్చునా, ఈ కాగితము చెల్లునా అని ప్లీడర్లు ఆక్షేపించెడివారు. ఆక్షేపణ వచ్చినప్పుడెల్ల ప్రభువులు లేచి తమ సభా భవనమునకు పోయి, జడ్జీల నడిగి, తిరిగి వచ్చి చెప్పెడివారు. జరిగినది కాశిలో, విచారణ లండనులో. నడుమ ఆరు నెలల ఓడ ప్రయాణము. గట్టు తగవును గట్టు చూడకుండ తీర్చబూనినట్లయ్యెను. ఈ జాప్యమును గూర్చి 1794 ఏప్రిల్‌లో కామన్సు సభవారికి బర్కు ఒక నివేదికనే సమర్పించెను. విచారణ యెందుకు ఆలస్యమయ్యెనని విచారించుటకు మరియొక విచారణ!

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది: గడువు లేకుండుట. ఫలానా దినమునకు ముగింపవలయునని ఎవరును ఎవరికిని చెప్పలేదు. వాదులకు తొందర లేదు. న్యాయాధిపతులకు తొందర లేదు. ప్లీడర్లకు ఎన్నటికిని తొందర లేదు. ముద్దాయి యొక్కడే త్వరపెట్టుచు అర్జీలు పెట్టుకొనెను.

ఇక కర్చు సంగతి. హేస్టింగ్సు తన పక్షమున చేసిన న్యాయపు కర్చు 71 వేల పౌనులకు మించెను. ఆ కాలమున గవర్నరు జనరలు జీతము, లోకములోని పెద్ద జీతములలో నొకటి, ఏటికి 25 వేల పౌనులు. అనగా మూడేండ్ల రాచజీతము ప్లీడర్లపాలయ్యెను. ఆయన నిర్దోషియని తీర్పు వచ్చినను ఆ సొమ్ము తిరిగి రాలేదు. తుదకు ఈస్టిండియా కంపెనీ ఆయనకు ఏటికి 4 వేల పౌనుల భరణమును, వడ్డీ లేని 50 వేల పౌనుల అప్పును ఇచ్చి ఆదుకొనెను. ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. కంపెనీ సొమ్మనగా ఎవరి సొమ్ము? కంపెనీ ఖజానా నిండుట వంగదేశపు రైతు కట్టిన శిస్తుతో, ఇచ్చటి సాలెవాడు నేసిన బట్టతో గదా! రైతును దోచెనని ఒకనిపై నేరము మోపిరి. ఆ నేరమును విచారించుటకైన కర్చు చుట్టుతిరిగి రైతు తలపైననే పడెను. పోయిన సొమ్ము ఒకటి, పోయినదానిని వెదకుటకైన సొమ్ము రెండు. రెండును ఇచ్చినవాడు ఒక్కడే.

తీర్పు నాటికి మొదటి దినమున ఊరేగిన ప్రభువులలో సుమారు 60 మంది చనిపోయి యుండిరి. మొదట అధ్యక్షత వహించిన ఛాన్సలరు మారి వేరొకడు వచ్చెను. తీర్పు చెప్పినవారు 29 మందియే. కాశీరాజు విషయమునను, బేగముల విషయమునను నేరస్థుడని పలికినవారు ఆరుగురు. తక్కిన నేరములకు అంతకంటెను తక్కువ. హేస్టింగ్సు నిర్దోషియై 1818 వరకు జీవించెను. బర్కు 1797లో గతించెను. చేతసింగు కాశీరాజ్యమును మరల పొందకయే 1810లో గ్వాలియరులో కన్నుమూసెను. ఏడేండ్ల విచారణలో నష్టపడినవానికి ఒక్క రూపాయి దక్కలేదు. సాక్ష్యమిచ్చినవారిలో చాలమంది కంపెనీ ఉద్యోగులే. కాశి రైతు గొంతు ఆ హాలులో వినబడలేదు.

నేను బడిలో ఈ పాఠము చెప్పునప్పుడు ఒక విద్యార్థి, "అయ్యవారూ, ఇంతకు ఆయన దొంగయా, దొరయా?" అని అడిగెను. ఆ ప్రశ్నయే దీర్ఘ విచారణకు పెద్ద నింద. ఏడేండ్లు విచారించిన తరువాతను, రెండు వందల యేండ్లు గడచిన తరువాతను, ఆ ప్రశ్న అట్లే యున్నది. నిర్దోషికి దీర్ఘ విచారణయే శిక్ష; దోషికి దీర్ఘ విచారణయే రక్ష. ఈ రెండింటిలో హేస్టింగ్సునకు ఏది కలిగెనో తీర్పు వలన మనకు తెలియరాదు.

ఈ కథలో మన తెలుగు సీమకు చెందిన ఉపకథ యొకటి కలదు. హేస్టింగ్సు కలకత్తాలో నున్న కాలముననే, 1778 మొదలు 1780 వరకు, చెన్నపట్టణమునకు సర్ తామస్ రంబోల్డు గవర్నరు. ఉత్తర సర్కారులలోని జమీందారీల ఆదాయమును ఊరూర తిరిగి విచారించుటకు డైరెక్టర్లు ఒక సర్క్యూటు కమిటీని ఏర్పరచియుండిరి. రంబోల్డు ఆ కమిటీని రద్దుచేసి, జమీందారులను చెన్నపట్టణమునకే రమ్మనెను. వారు వందల మైళ్ళు పరివారముతో ప్రయాణము చేసి, అప్పుల పాలైరి. విజయనగర సంస్థానపు దివాను సీతారామరాజు వ్యవహారములో లంచములు చేతులు మారెనని అభియోగము పుట్టెను. డైరెక్టర్లు 1781లో రంబోల్డును తొలగించిరి. 1782లో హెన్రీ డండాసు అను మంత్రి పార్లమెంటులో అతనిపై శిక్షా బిల్లు తెచ్చెను. సాక్ష్యములు నెలల తరబడి సాగుచుండ సభ్యులు నానాటికి రాక మానిరి. 1783 చివర బిల్లు తీర్పు లేకయే జారిపోయెను. హేస్టింగ్సు విచారణ ఏడేండ్లకు తేలెను. దీనికి తేలుటయే లేదు. శ్రీకాకుళము నుండి గుంటూరు వరకు గల సీమలలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చిరో నేటికిని అభియోగముగానే మిగిలెను.

విచారణ దీర్ఘమైనంత మాత్రమున వ్యర్థమని చెప్పరాదు. దానికి నిదర్శనము ఆర్కాటు నవాబు అప్పుల విచారణ. కంపెనీ ఉద్యోగులు నవాబునకు అప్పులిచ్చితిమని, వడ్డీలకు వడ్డీలు కట్టి, సీమల శిస్తులను వ్రాయించుకొనిరి. 1801లో కర్ణాటక రాజ్యము, అందు మన నెల్లూరు సీమ, కంపెనీ వశమయ్యెను. అప్పులవారందరు కాగితములతో ముందుకు వచ్చిరి. 1805లో నియమింపబడిన కమీషనర్లు ఒక్కొక్క పత్రమును పరీక్షించుచు సుమారు 25 ఏండ్లు కూర్చుండిరి. వచ్చిన దావాలు మూడు కోట్ల పౌనులకు మించెను. నిలిచినవి అందులో పదియవ వంతుకంటె తక్కువ. తక్కినదంతయు బూటకమో, నిరూపణ లేనిదో యని కొట్టివేసిరి. కాలము మిక్కిలి పట్టిన మాట నిజమే. కాని ప్రతి పత్రమునకు ఒక తీర్పు కలిగెను, ప్రజల సొమ్ము మిగిలెను. ఏడేండ్ల వెస్టుమినిస్టరు కొలువుకంటె ఇరువదియైదేండ్ల ఈ గుమాస్తా పనియే యెక్కువ ఫలమిచ్చెను. ఏలననగా వారి యెదుట నున్న ప్రశ్న ఒక్కటే: ఈ పత్రము నిజమా, కాదా?

ఆంగ్లేయులు తమ అనుభవమునుండి కొంత నేర్చుకొనిరి. రంబోల్డుపై బిల్లు తెచ్చిన డండాసే, మెల్విలు ప్రభువను బిరుదము పొంది నౌకాశాఖ ధనము విషయమున తానే అభియోగమునకు గురియయ్యెను. కాలచక్రము విచిత్రమైనది గదా! 1806లో ఆయన విచారణ అదే వెస్టుమినిస్టరు హాలులో ఏప్రిల్ 29న మొదలై జూన్ 12న ముగిసెను. ఆయనయు విడుదలయ్యెను. అటుపిమ్మట ఆ దేశమున మహాభియోగమను పద్ధతినే మానివేసిరి.

స్వతంత్ర భారతమున 1952లో విచారణ సంఘముల చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద జరిగిన విచారణలలో ఒకటి ఇచ్చట చెప్పదగినది. క్రొత్తగా ఏర్పడిన జీవిత బీమా కార్పొరేషను 1957లో హరిదాసు ముంద్రా అను వర్తకుని కంపెనీల వాటాలను సుమారు కోటి పాతిక లక్షల రూపాయలకు కొనెను. ఫిరోజు గాంధీ లోకసభలో ఆ సంగతి ప్రశ్నించెను. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి యగు చాగ్లా గారిని విచారింపగోరిరి. ఆయన బొంబాయిలో బహిరంగముగా విచారించెను. లోపల చోటు చాలని జనము కొరకు వెలుపల లౌడుస్పీకర్లు పెట్టిరి. ఫిబ్రవరి 10వ తేదీకి నివేదిక సిద్ధమయ్యెను. మొత్తము 24 దినములు! ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి గారు ఆ నెలలోనే పదవిని వదలిరి.

చాగ్లా గారికి అంత వేగము ఎట్లు సాధ్యమయ్యెను? ఆయన యెదుట ఇరువది నేరములు లేవు. ఈ వాటాలను ఎందుకు కొనిరి, దానికి బాధ్యులెవ్వరు? ఇంతియే. న్యాయమూర్తి ఒక్కడు. మంత్రిని, కార్యదర్శిని, బీమా అధికారులను నేరుగా పిలిచి అడిగెను. గట్టు మీదికి పోయిన గ్రామపెద్ద పద్ధతియే ఇది. అయినను ఆ వేగమునే సర్వస్వముగ నెంచరాదు. కృష్ణమాచారి గారు 1962లో మరల మంత్రివర్గమున చేరి, 1963లో మరల ఆర్థికమంత్రియైరి. విచారణ సంఘపు నివేదిక కోర్టు తీర్పు కాదు. అది ప్రభుత్వమునకు చెప్పిన మాట మాత్రమే. ఆ మాటను ప్రభుత్వము విని యేమి చేసెనో శాసనసభ అడుగవలయును. నివేదికను, దానిపై తీసికొన్న చర్యను ఆరు నెలలలో సభ ముందుంచవలయునని చట్టము చెప్పుచున్నది. అడుగువాడు లేనిచో ఆ నియమము బీరువాలోనే యుండును.

దీనికి ఎదురు దృష్టాంతము ఐర్లండు దేశమున కలదు. డబ్లిను నగర ప్రాంతమున భూములకు అనుమతులిచ్చుటలో రాజకీయ నాయకులు లంచములు తినిరని 1997 నవంబరులో అచ్చట విచారణ సంఘమును నియమించిరి. అడుగవలసిన ప్రశ్నలను నడుమ నడుమ విస్తరించుచు పోయిరి. ప్లీడర్లకు దినమునకింతయని కూలి. తుది నివేదిక 2012 మార్చిలో, మూడు వేల పుటలకు మించి, వెలువడెను. కర్చు పది కోట్ల యూరోలను దాటెను. ఆ నివేదిక నిజము చెప్పెను. ఆ దేశపు రాజకీయములలో అన్ని మెట్లయందును లంచము వ్యాపించినదని స్పష్టముగ పలికెను. కాని పదునాలుగేండ్లు గడచిన పిమ్మట వినబడిన నిజమునకు, పండుగ వెళ్ళిన మరునాడు వచ్చిన బంతిపూవుకున్న విలువయే యుండును.

కర్చగునని భయపడి విచారణ మానుదమనుట మాత్రము కంచె మేసిన చేనును కంచెకే అప్పగించుట వంటిది. హేస్టింగ్సు విచారణ వలన చేతసింగునకు మేలు కలుగకపోయినను, పదివేల మైళ్ళ దూరమున అధికారము చేసినవాడును తన దేశపు సభ యెదుట నిలిచి బదులు చెప్పవలయునను నియమము దాని వలన స్థిరపడెను. అది స్వల్పమైన లాభము కాదు. కాని ఆ లాభమునకు ఏడేండ్లు అక్కరలేదు. నాలుగు నేరములతో, ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీర్పుతో, గడువుతో జరిగియుండినచో నియమమును నిలుచును, నిజమును తేలును.

కావున పెద్దలారా, రేపు మీ జిల్లాలో గాని రాష్ట్రమున గాని ఒక పెద్ద మనుష్యునిపై విచారణ సంఘమును వేసితిమని పత్రికలో చదివినప్పుడు సంతోషించి ఊరకుండకుడు. మూడు సంగతులను గమనింపుడు. అడుగవలసిన ప్రశ్న యేది, అది ఒక్క వాక్యమున చెప్పదగి యున్నదా? ముగింపవలసిన దినమేది, ఆ దినము దాటినచో ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పవలయును? నివేదిక వచ్చిన పిమ్మట దానిని ఎవరు, ఎచ్చట, ఎప్పటిలోగా చదివి వినిపింతురు? ఈ మూడింటికి బదులు దొరకనిచో, ఆ విచారణ నిజము తేల్చుటకు వేసినది కాదు, జనుల కోపము చల్లారువరకు కాలము గడపుటకు వేసినదని అనుమానింపవచ్చును. మీ యూరికి వచ్చిన శాసనసభ్యుని ఈ మూడును అడుగుడు. అడుగుటకు కర్చు లేదు.

లెక్కలు అడుగు హక్కు శిస్తు కట్టువానిది. దొంగతనమునకైన లెక్కను అడిగినట్లే, విచారణకైన లెక్కను కూడ అడుగవలయును. కోశమును కాపాడుట ప్రభువుల వంతైనను, కాపాడుచున్నారా యని చూచుట ప్రజల వంతు. ఆ పనికి వాయిదా లేదు.